తేదీ సరిచూసుకోండి

సోహార్ రేవుకు ఇవతల, పైపుల యార్డుల
ఇనుప డబ్బా మా ఆఫీసు.
ఏసీ కింద బకెట్, బకెట్ పక్కన కంప్యూటర్.
అది రాసుకుంటెనే రెండువందల పన్నెండు మంది
పనికొచ్చినట్టు.
అది ఊకుంటే, వేలు పెట్టినోడు గూడ రానట్టే.

గురువారం రాత్రిలోపు
కొత్త అప్‌డేట్ ఎక్కాలె, మస్కట్ల నుంచి ఫోను.
ఎక్కిస్తున్న. పది శాతం. ఇరవై.
ముప్పై ఐదు కాడ మొరాయించిన గాడిదోలె నిలబడ్డది,
నిలబడి నిలబడి వెనక్కి మర్రింది.
"మార్పులు రద్దు చేస్తున్నాం, కంప్యూటర్ ఆపకండి."
ఆపేటోణ్ణి నేను గాదు తల్లీ,
పన్నెండున్నర ఎండకు జనరేటరోడు ఆపుతడు.

రీస్టార్ట్ చెయ్యి, అన్నది మస్కట్ గొంతు.
చేసిన.
మల్ల చెయ్యి. చేసిన.
వైరు పీకి పెట్టు. పీకి పెట్టిన.
డిస్కుల జాగ చెయ్యి.
పాత జీతాల చిట్టాలు, ఎవనిదో పెండ్లి వీడియో
(పెండ్లికొడుకు అచ్చం మన ఫిట్టర్ లెక్కనే ఉన్నడు)
పెన్‌డ్రైవుల సదిరి పెట్టిన.
జాగ దొరికింది, బుద్ధి రాలే.
మల్ల ముప్పై ఐదు.

లస్మన్న చాయ్ పెట్టి పోతపోత
నిమ్మకాయ కోసి దిష్టి తియ్యమన్నడు.
నవ్విన.
నవ్వుకుంటనే, నిమ్మకాయ ఏడున్నదా అని
కండ్లతోని ఎతికిన.

గప్పుడు కనపడ్డది, తెర మూలకు,
చీమలంత అక్షరాలు:
ఒకటో తారీఖు, జనవరి, రెండువేల పన్నెండు.

ఎయిర్‌పోర్టు కిటికీల ఆఫీసరోలె
అది అప్‌డేట్ కాగితం తిప్పి చూస్తున్నది:
ఈ ముద్ర ఇంకా పుట్టని దినానిది,
నిన్ను లోపలికెట్ల రానియ్యాలె?
దాని న్యాయం దానికుంది.

హైతమ్ బలూషీకి ఫోను చేసిన, ఆయన పెండ్లి సెలవుల ఉన్నడు.
వెనక డోలు, ఆడోళ్ల గొంతులు.
"ఓ, అదా? లోపలి బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది.
కరెంటు పోయినప్పుడల్లా నేనే తేదీ దిద్దుతుంటి.
నీకు చెప్పలేదా?"
చెప్పలేదు.
మూడేండ్లు, రోజూ,
మేం అన్నం తినొచ్చేలోపు
ఒక మనిషి సప్పుడు లేకుండ కాలాన్ని ఇవతలికి గుంజిండు.

ఇగ నేను గుంజాలె.
బాణం గుర్తు మీద వేలు, ఒక నొక్కుకు ఒక నెల.
మొదటి నెలల్ల నేను కోరుట్లల
బీడీ కార్ఖానా లెక్కలు రాస్తున్న, గడ్డం నల్లగున్నది.
ఇరవై నొక్కులు ఏజెంటు తిప్పుకున్నడు.
ముప్పైల విమానం ఎక్కిన.
ఒక కాడ జీతం రాని ఐదు నెలలు:
పప్పు, పప్పు, పప్పు, పప్పు,
ఉట్టి ఖుబ్బూస్.
తొంభై ఎనిమిది దాటంగనే రోడ్లన్నీ మూతపడ్డయి,
గవి గూడ ఒక్క నొక్కుకు ఒక్క నెలే.
భూమయ్య మంచం ఖాళీ అయిన నెల కాడ
వేలు జెరంత ఆగింది.
సిమెంటు తిన్న ఆయన వేళ్లను ఈ మిషను ఏనాడు గుర్తుపట్టలే,
రోజూ నేనే చేత్తోని రాస్తుంటి.
ఏ ఊర్లె ఉన్నడో. నంబరు మారింది.

చాయ్ చల్లారకముందే
పన్నెండేండ్లు దాటి ఇయ్యాల్టికి వచ్చిన.
నొక్కిన. ముప్పై ఐదు.
ముప్పై ఆరు!
లస్మన్నా, అని ఒర్లిన. ఆయన నిద్రపోయిండు.

శుక్రవారం సూకుల గడియారాలు బాగు చేసే మొఫిజుల్
గుండీ అంత బ్యాటరీ ఇచ్చిండు, మూడువందల బైసలు.
పాతది గోరుతోని లేపి, కొత్తది బొటనవేలుతోని ఒత్తితే
టక్కుమన్నది, గంతే.

పాతది పారేస్త పారేస్త జేబులేసుకున్న.
సాయంత్రం కరక్ దుకాణం కాడ
చిల్లరల కలిసి అదీ పోయింది.
చాయ్ పోసేటోడు ఇటు అటు తిప్పి చూసి
నా చేతుల పెట్టిండు:
ఇది చెల్లది భాయ్, ఇంకోటియ్యి.